వసారాలో మంచం

అత్త రాఘవమ్మ చిన్నకర్మ రోజు పొద్దున శేషారత్నం టీ గ్లాసుల పళ్ళెంతో వసారాలోకి వచ్చేసరికి, ఒక ముసలాయన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని భుజం మీది తువ్వాలుతో కళ్ళు ఒత్తుకుంటున్నాడు. ఎదురుగా చాప మీద కూర్చుని కూతురు జాహ్నవి ఆయన మాటల్ని ఫోనులో రికార్డు చేస్తోంది.

"పదకొండేళ్ళమ్మా," అంటున్నాడాయన. "మాచర్ల నుంచి ఆఖరి ట్రిప్పు వేసుకొచ్చి మా బస్సు మీ ఊళ్ళోనే ఆగేది. అప్పట్లో ఇక్కడ హోటల్ లేదు, ఏమీ లేదు. మొదటిరోజు నేనూ డ్రైవరూ బిస్కెట్లు తిని పడుకున్నాం. రెండోరోజు మీ నాయనమ్మ కబురు పంపింది. అంతే. ఈ నాగూర్ వలి ఈ రూట్లో కండక్టరుగా ఉన్నన్నాళ్ళూ ఏడింటికల్లా క్యారేజీ తయారుగా ఉండేది. రంజాన్ నెలలో తెల్లారుజామున తినే సహరీకని విడిగా ఇంకో డబ్బా. ఆ తల్లి చేతి దోసకాయ పప్పు లాంటిది నేనింకెక్కడా తినలా. ఇప్పటికీ ఆ మాటంటే మా ఇంటామె కోప్పడిద్ది."

శేషారత్నం పళ్ళెం ముందుకు చాపింది. ఆయన గ్లాసు తీసుకుని తల ఎత్తి చూశాడు.

"నువ్వెవరమ్మా?"

"కోడల్ని."

"అదృష్టవంతురాలివి తల్లీ. అట్టాంటి మనిషి నీడన బతికావు."

శేషారత్నం "ఊఁ" అని లోపలికి వచ్చేసింది. వంటింట్లో పళ్ళెం గట్టు మీద చప్పుడయ్యేలా పెట్టింది. ఆమె కాపురానికి వచ్చిన రెండో ఏటికే రాఘవమ్మ పొయ్యి దగ్గరికి రావడం మానేసింది. ఆ పదకొండేళ్ళూ దోసకాయలు చెక్కు తీసి, గింజలు చేదేమోనని ఒక్కొక్కటీ కొరికి చూసి, పప్పు వండింది తను. సహరీ డబ్బాకి చపాతీలు ఒత్తింది తను. క్యారేజీ గిన్నెలు ఒకదానిమీద ఒకటి పేర్చి, పుల్ల బిగించి, గడప దగ్గర పెట్టేది. దాన్ని చేతికి తీసుకుని వసారా మెట్ల మీద నిలబడి అందించేది మాత్రం రాఘవమ్మ.

పోయిన మనిషి మీద కుళ్ళుకోవడమేమిటని తనని తానే తిట్టుకుంది. అయినా ఆ "చేతి పప్పు" అన్న మాట వదల్లేదు.

పెద్దకర్మకి నాయనమ్మ మీద ఒక చిన్న పుస్తకం వేయించి వచ్చినవాళ్ళకి పంచాలన్నది జాహ్నవి ఆలోచన. ఆ పిల్ల నరసరావుపేటలో బ్యాంకు ఉద్యోగం చేస్తుంది. పదకొండు రోజులకీ సెలవు పెట్టి వచ్చింది. వచ్చినప్పటి నుంచి పరామర్శకి వచ్చిన ప్రతివాళ్ళ ముందూ ఫోను పెట్టి కూర్చుంటోంది. వాళ్ళు చెప్పేవి శేషారత్నం తలుపు వెనక నుంచి వింటూనే ఉంది. మిరపకోతలకి కృష్ణానది అవతల నుంచి వచ్చిన ఆడవాళ్ళ చంటిపిల్లల్ని రాఘవమ్మ పగలంతా ఈ వసారాలోనే ఉంచుకుందట. తీగ మీద ఆరేసిన చీర అలాగే తీసి ఎవరికో కట్టబెట్టిందట. హైస్కూలు మాస్టారు బెంజిమిన్ పదో తరగతి ఈ వసారా దీపం కిందే చదివాడట. ఆ చంటిపిల్లల గుడ్డలు ఉతికిందెవరో, తీగ మీద ఆరిన చీర ఎవరిదో ఏ ఒక్కరూ చెప్పలేదు. వాళ్ళకి తెలియదు మరి.

ప్రతివాళ్ళూ చివర అదే మాట అంటున్నారు: "ఇంకా తెలుసుకోవాలంటే దయామణిని అడుగమ్మా. ఆమెకే బాగా తెలుసు."

ఆ సాయంత్రం కూరగాయల బుట్ట ముందు కూర్చున్న తల్లి దగ్గరికి జాహ్నవి వచ్చింది.

"అమ్మా, మొదటి పేజీ నీకే ఉంచా. నువ్వేం చెప్తావు?"

"నాకేముంది చెప్పటానికి? మంచిది అని రాసుకో."

"అట్టా కాదు. ముప్పై ఏళ్ళు కలిసి ఉన్నారుగా. ఏదో ఒకటి గుర్తుంటది."

శేషారత్నం బెండకాయ తొడిమ తుంచి పక్కన పడేసింది. గుర్తొచ్చినవేవీ పుస్తకంలో వెయ్యదగ్గవి కావు. 'పక్క సరిగా పరవలా.' 'చారులో ఉప్పేది?' 'నీకెన్నిసార్లు చెప్పాలే.' అత్త తనతో మాట్లాడినవి చాలావరకు ఇలాంటివే.

"దయామణి దగ్గరికి రేపు వెళ్తా," అంది జాహ్నవి.

"ఎందుకు?" శేషారత్నం తల ఎత్తింది. "బంధువులున్నారు, ఊళ్ళోవాళ్ళున్నారు. వాళ్ళు చాలు. కూలికొచ్చేవాళ్ళయి కూడా వేస్తామా పుస్తకంలో?"

జాహ్నవి తల్లి వంక వింతగా చూసింది. ఆ మాట తన నోటి నుంచి ఎలా వచ్చిందో శేషారత్నానికీ అర్థం కాలేదు. కానీ వెనక్కి తీసుకోలేదు. ఇంకో బెండకాయ అందుకుంది.

నాలుగో రోజు మధ్యాహ్నం ఆడపడుచు రేవతి, చెరువుకట్ట వైపు ఇంటి నుంచి వచ్చిన ఓ పెద్దామెతో నడవలో కూర్చుని మాట్లాడుతోంది. శేషారత్నం పెరట్లో బియ్యం కడుగుతోంది. కిటికీ తెరిచే ఉంది.

"ఏం చెప్పమంటావు పిన్నీ, లోపల మూడు గదులున్నాయి. అయినా మా అమ్మ పద్నాలుగు నెలలు వసారాలోనే పడి ఉంది. ఎండకి, చలికి, దారిన పోయే ప్రతివాళ్ళ కళ్ళల్లో పడి..."

"కోడళ్ళ కాలం," అంది ఆ పెద్దామె.

శేషారత్నం చేతులు బియ్యంలోనే ఆగిపోయాయి. నీళ్ళు తెల్లగా కదులుతున్నాయి. లేచి వెళ్ళి అడుగుదామనుకుంది. ఏమని అడుగుతుంది? తుంటి ఎముక విరిగి, ఆపరేషనయి, మధ్యగదిలో మంచం పట్టిన మూడు వారాలకి రాఘవమ్మే ఒకరోజు తెల్లారగానే గొడవ మొదలుపెట్టింది. మంచం వసారాలో వెయ్యమంది. కొడుకు ఆంజనేయులు వద్దన్నాడు. డాక్టరు కదిలించొద్దన్నాడని శేషారత్నం బతిమాలింది. అన్నం ముందు పెడితే రాఘవమ్మ నోరు గట్టిగా మూసుకుంది. రెండు పూటలు అలా గడిచాక ఆంజనేయులు ఇద్దరు మనుషుల్ని పిలిచి మంచాన్ని మనిషితో సహా ఎత్తించాడు.

ఆ రోజు నుంచి శేషారత్నం పని రెట్టింపయింది. వసారా గ్రిల్లుకి చలికాలం పరదాలు కట్టింది. ఎండాకాలం గోనెలు తడిపి వేలాడదీసింది. తెల్లారకముందే చీర అడ్డం కట్టి, ఒళ్ళు తుడిచి, పక్క మార్చేది. ఇంత చేసినా, దారిన పోయేవాళ్ళు మంచం వంకా చూసి, తన వంకా చూసేవాళ్ళు.

అంతకన్నా ఆమెని కాల్చింది సాయంత్రాలు. పొలం నుంచి తిరిగొస్తూ దయామణి వసారాలో ఆగేది. ఊరి చివర చర్చి పక్క కాలనీ ఆమెది. మిరపకోతలకి ఇరవై మంది ఆడవాళ్ళని పోగేసి తీసుకెళ్ళే మనిషి. మంచం కోడు పక్కన కింద కూర్చుని రాఘవమ్మ జుట్టుకి చిక్కు తీస్తూ కబుర్లు చెప్పేది. పగలంతా "నీళ్ళు", "దుప్పటి" తప్ప మాట్లాడని రాఘవమ్మ అప్పుడు నవ్వేది. ఆ నవ్వు వంటింట్లోకి వినిపించేది. ఏమిటో చూద్దామని శేషారత్నం గుమ్మంలోకి వస్తే ఇద్దరూ ఆగిపోయేవాళ్ళు.

"ఏంది అత్తయ్యా?"

"ఏం లేదు. పొయ్యి మీద ఏదో మాడుతున్నట్టుంది చూడు."

పొయ్యి మీద ఏమీ మాడేది కాదు.

శేషారత్నం బియ్యం నీళ్ళు వంపి, ఎసట్లో పోసి, కొంగుకి చేతులు తుడుచుకుంటూ వసారాలోకి నడిచింది. మంచం ఇంకా అక్కడే ఉంది, పరుపు తీసేసి. పెరట్లో మేకలకి ఆకు వేస్తున్న మనిషిని పిలిచింది. "దీన్ని గొడ్లచావిడి వెనకాల పెట్టించు," అంది. మంచం వెళ్ళిపోయాక ఆ చోట నాలుగు మంచంకోళ్ళ గుర్తులు గచ్చు మీద మిగిలాయి. బకెట్‌తో నీళ్ళు తెచ్చి వాటిని చీపురుతో రుద్దింది.

సాయంత్రం దయామణి వచ్చింది. తలకి కట్టిన గుడ్డ విప్పి చేతిలో పట్టుకుని ఖాళీగా ఉన్న చోటు వంక చూసింది.

"మంచం తీసేశారా అమ్మా?"

"ఇంకెవరికి?" అంది శేషారత్నం.

దయామణి వసారా మొదట్లో చిందరవందరగా పడి ఉన్న చెప్పుల్ని వంగి జతలు జతలుగా సర్దింది. తర్వాత వెళ్ళిపోయింది. మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. మొదట శేషారత్నానికి హాయిగా అనిపించింది. రెండోరోజు సాయంత్రం ఐదు దాటాక తను ఊరికే రెండుసార్లు గుమ్మంలోకి వచ్చి చూసినట్టు గుర్తించి తన మీద తనకే కోపం వచ్చింది.

ఏడో రోజు జాహ్నవి చెప్పకుండా కాలనీకి వెళ్ళింది. గంట తర్వాత తిరిగొచ్చి, స్కూటీ స్టాండు వేస్తూనే అంది:

"ఏమీ చెప్పలా. ఫోను చూడగానే చెయ్యి అడ్డం పెట్టింది. టీ ఇచ్చింది, అరిసె పెట్టింది. నాయనమ్మ గురించి మాత్రం నోరు విప్పలా."

"వద్దన్నాగా నేను."

"మీ అమ్మొస్తే మాట్లాడతా అంది."

"నేనెందుకు పోతా?"

జాహ్నవి భుజాలెగరేసి లోపలికి పోయింది. శేషారత్నం ఆ పూటంతా ఆ మాటే నమిలింది. నేను ఆమె దగ్గరికి పోవాలా? నా అత్త గురించి నాకు చెప్పటానికి నన్ను రమ్మంటదా?

మర్నాడు పొద్దున పది గంటలకి, కల్లంలో కాయ ఎట్లా ఉందో చూసొస్తానని భర్తకి చెప్పి బయలుదేరింది. ఇంట్లో కర్మ జరుగుతున్నా ఎండిన మిరపకాయ ఆగదు. కారంపూడి రోడ్డు పక్క వాళ్ళ కల్లం. రెండు ఎకరాల మేర ఎర్రగా పరిచి ఉంది. గాలి అటు నుంచి వీచగానే ముక్కు చురుక్కుమంది. రేకుల నీడ కింద ఆడవాళ్ళు రాశుల ముందు కూర్చుని, ముక్కులకి గుడ్డలు కట్టుకుని తాలుకాయలు ఏరుతున్నారు. తెల్లమచ్చ పడ్డ కాయ ఒక పక్కకి, మంచి కాయ ఇంకో పక్కకి. ఒకామె తుమ్మితే వరసంతా తుమ్మింది.

దయామణి చివరి రాశి దగ్గర ఒక్కతే కూర్చుని ఉంది. శేషారత్నాన్ని చూసి లేవబోయింది.

"కూర్చో," అని శేషారత్నం కూడా రాశికి ఇవతల గోనెపట్టా లాక్కుని కూర్చుంది. కొంగు ముక్కుకి అడ్డం చుట్టుకుంది. చేతులు వాటంతటవే కాయలు అందుకున్నాయి.

"నన్ను రమ్మన్నావంట."

"రమ్మన్లా అమ్మా. నువ్వొస్తే మాట్లాడతా అన్నా."

"రెండూ ఒకటేగా."

"కాదు," అంది దయామణి. ఒక కాయ ఏరి, "పాపకి ఏం చెప్పను? మంచి మాత్రమే చెబితే అబద్ధమాడినట్టయిద్ది. అంతా చెబితే ఆ తల్లికి మర్యాద కాదు. అందుకని నోరు మూసుకున్నా."

శేషారత్నం చేతిలోని కాయలు రాశి మీద విసిరేసింది.

"ఏందే నీకు చెడు చేసింది ఆమె? కన్న కూతురు రేవతితో కూడా అట్టా నవ్వుతా కూర్చోలా. ముప్పై ఏళ్ళు నేను వండి పెడితే ఒక్కరోజు బాగుందన్లా. నువ్వు సాయంత్రం వస్తే మొహం విప్పారేది. నేను గుమ్మంలోకి రాంగానే మాట ఆపేసేది. నిన్ను కూతురికన్నా ఎక్కువ చూసింది. ఇంకేం కావాలి నీకు?"

పక్క రాశి దగ్గర ఆడవాళ్ళు ఒక క్షణం ఆగి, మళ్ళీ తలలు వంచుకున్నారు. దయామణి చేతులు మాత్రం ఆగలేదు.

"చూసింది. కాదన్లా. రెండో కాన్పుకి నేను చచ్చిపోతా ఉంటే బండి కట్టించి గురజాల ఆసుపత్రికి పంపింది. నా పిల్లలు ఆమె పెట్టిన బువ్వ తిని పెరిగారు. ప్రతి ఆదివారం ప్రార్థనలో ఆమె పేరు చెప్పుకుంటా. ఇప్పుడూ చెప్తా." ఒక తాలుకాయని వేళ్ళతో తిప్పి చూసి పక్కన పడేసింది. "కానీ అమ్మా, కూతుర్ని గడప దాటనిస్తారు కదా."

శేషారత్నం వెంటనే ఏదో అనబోయింది. నలభై ఏళ్ళుగా ఆ ఇంటికి వస్తున్న మనిషిని తను ఎక్కడెక్కడ చూసిందో ఒక్కొక్కటీ కళ్ళ ముందుకు వచ్చాయి. వసారా మెట్టు మీద. గ్రిల్లు పక్కన. పెరటి గోడ దగ్గర. పండగరోజు విస్తరి ముందు, వసారా మూలన. ఇంటి లోపల ఎక్కడా లేదు. ఈ సంగతి తనకి ఇంతవరకు ఎప్పుడూ తట్టలేదు.

"తుంటి ఆపరేషన్ అయ్యి వచ్చాక లోపల గదిలో ఉందిగా," దయామణి చెబుతోంది. "నేను వసారాలో కిటికీ పక్కన నిలబడి మాట్లాడేదాన్ని. ఆమెకి చెవుడు. గట్టిగా అరిచి చెప్పాల్సొచ్చేది. నువ్వొకసారి కోప్పడ్డావు కూడా."

అది శేషారత్నానికి గుర్తుంది. 'అట్టా అరవమాక, ఇప్పుడే కన్ను మూసింది,' అంది తను.

"ఆ మర్నాడు ఆమె అడిగింది. 'దయామణీ, అక్కడ నిలబడి అరవకపోతే లోపలికొచ్చి కూర్చోరాదా?' అని. ఏదో ఊరికే అన్నట్టు అంది. నాకు ఎక్కడో కాలింది. 'నలభై ఏళ్ళలో ఎప్పుడన్నా రమ్మన్నావా పెద్దమ్మా?' అన్నా. ఎందుకన్నానో. జబ్బుతో ఉన్న మనిషిని. కిటికీలోంచి చూస్తే అటు తిరిగి పడుకుంది. నేనొచ్చేశా. తెల్లారి వినపడింది, మంచం వసారాలో వెయ్యమని గొడవ చేస్తందని."

శేషారత్నం కొంగు ముక్కు మీద నుంచి జారిపోయింది. సర్దుకోలేదు. కారం ఘాటుకి కళ్ళు నీళ్ళు కారుతున్నాయి.

"అందుకా?"

"అందుకే. నాకు చానా రోజులు అర్థం కాలా. లోపలికి రా అంటే పోయేదిగా? ఎముక విరిగిన మనిషి అంత తిప్పలు పడి తను బయటికి రావటమేంది? ఒకరోజు అడిగేశా. 'ఈ ఇల్లు ఇప్పుడు శేషారత్నానిదే. పిలవాల్సింది అది. నేను పిలిచి, నేను పోయాక అది నిన్ను వసారాలోనే నిలబెడితే ఆ అవమానం నాకన్నా నీకెక్కువ,' అంది."

"నా మీదకి తోసిందా!"

"తోసిందో, నిజంగానే అనుకుందో. నాకు తెలవదమ్మా. పిలవలేక చెప్పిన సాకేనేమో. ఎన్నిసార్లు ఆలోచించినా తేలలా." దయామణి గుడ్డ మళ్ళీ బిగించి కట్టుకుంది. "ఇంకోటి చెప్పనా? నీ మీద నాకు కుళ్ళుండేది."

"నా మీదా?"

"నిన్ను పొద్దస్తమానం తిట్టేది. నేను కాయ ఇంటికి చేర్చటం ఆలస్యం చేసినా, వానకి తడిపినా ఒక్క మాట అన్లా. నవ్వి ఊరుకునేది. మా అత్త నన్ను తిట్టని రోజు లేదు. సొంతదాన్నని నన్నే గానీ ఊళ్ళో ఇంకెవర్నీ ఒక్క మాట అనేది కాదు. పరాయిదాన్ని కాబట్టే పెద్దమ్మ నాతో మంచిగా ఉంటందని అనుకునేదాన్ని. నిన్ను 'చారులో ఉప్పేదే' అంటా కేకేస్తే, వసారాలో కూర్చుని వినేదాన్ని."

శేషారత్నానికి నవ్వొచ్చింది. ఆ నవ్వు మధ్యలోనే ఏడుపయింది. చుట్టూ ఉన్నవాళ్ళు కారం అనుకున్నారు. కాసేపయ్యాక కొంగుతో ముఖమంతా తుడుచుకుని, లేచి చీర దులుపుకుంది.

"రా ఇంటికి," అంది. "ఇప్పుడే రా. మధ్యగదిలో కూర్చుని అన్నం తిందువుగాని. రేవతి ఉంది, అందరూ ఉన్నారు. అందరి ముందే రా."

దయామణి తల ఎత్తి ఆమె వంక చూసింది. ఎండకి కళ్ళు చికిలించింది.

"ఇప్పుడొద్దమ్మా."

"ఎందుకొద్దు? నేనే కదా పిలుస్తన్నా?"

"ఆమె చెయ్యలేంది నువ్వు చేశావనిపించుకోటానికి పిలుస్తన్నావు. ఆమె మీద పోటీకి." అందులో కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. "ఎప్పుడన్నా ఊరికే పిలువు. వస్తా."

శేషారత్నం కల్లం దాటి రోడ్డెక్కింది. బస్సు కోసం ఆగకుండా ఎండలో నడిచింది. సగం దారి దాకా దయామణి మీద మండిపడింది: ఎంత పొగరు, పిలిస్తే రానంటదా? మిగతా సగం దారిలో ఆ మనిషి చెప్పిందాంట్లో ఒక్క ముక్క కూడా అబద్ధం దొరకలేదు. అన్నిటికన్నా నిజం ఆ చివరి మాటే. పిలుస్తున్నప్పుడు తన కళ్ళ ముందున్నది దయామణి కాదు, నోరు తెరుచుకుని చూస్తున్న రేవతి మొహం. పైనుంచి ఎక్కడి నుంచో చూస్తున్న అత్త మొహం.

తొమ్మిదో రోజు చారుకి చింతపండు పిసుకుతూ కూతుర్ని పిలిచింది.

"ఫోను తీసుకురా. చెప్తా."

జాహ్నవి పరిగెత్తుకొచ్చి పీట మీద కూర్చుంది. శేషారత్నం గిన్నెలోంచి చెయ్యి తియ్యకుండానే చెప్పింది.

"మా అత్త అడిగినవాళ్ళకి లేదనలా. అది నిజం. క్యారేజీ కట్టింది నేను. పప్పు వండింది నేనే. దోసకాయ పప్పులో ఇంగువ ఎంత వెయ్యాలో నేర్పింది మాత్రం ఆమె. మూడుసార్లు పారబోయించి నేర్పింది. నన్ను బాగా తిట్టేది. తీగ మీది చీర నాది, పసుప్పచ్చది, రెండుసార్లే కట్టా. ఇచ్చేస్తే ఏడ్చా. ఎవరికిచ్చిందో ఆ మనిషి బాగుండాల. చివర్లో వసారాలో పడుకున్నది ఆమె ఇష్టం మీదే. ఎందుకో నాకు తెలుసు. అది ఇందులో రాయమాక."

"అంతేనా?"

"అంతే."

పెద్దకర్మ రోజు షామియానా కింద ఆరు వందల మంది తిన్నారు. కాలనీ వాళ్ళూ, దయామణి ముఠా ఆడవాళ్ళూ వచ్చారు. అందరికీ ఒకటే బంతి. బయట కాబట్టి అక్కడ ఎవరికీ ఏ గడపా అడ్డం రాలేదు. రాఘవమ్మ ఫొటో అట్ట మీద వేసిన పుస్తకాన్ని జాహ్నవి చేతికొకటి పంచింది. తల్లి మాటల్ని అక్షరం మార్చకుండా వేసింది. 'ఎందుకో నాకు తెలుసు' అన్నది కూడా.

రేవతి ఆ పేజీ చదివి వదినగారి వంక చాలాసేపు చూసింది. ఆ సాయంత్రం వెళ్ళేటప్పుడు, "ఏం తెలుసొదినా?" అని అడిగింది.

"మీ అమ్మే పెట్టించుకుంది మంచం. అంతవరకూ నమ్ము చాలు," అంది శేషారత్నం. రేవతి కారెక్కబోతూ వెనక్కి వచ్చి, వదిన చెయ్యి ఒకసారి పట్టుకుని వదిలింది.

అంతకుముందే నాగూర్ వలి చెయ్యి కడుక్కుని, పుస్తకం చంకలో పెట్టుకుని ఆమెని వెతుక్కుంటూ వచ్చాడు.

"పప్పు నువ్వు వండిందేనా తల్లీ? పదకొండేళ్ళు తిని, వండిన మనిషి పేరడగలా చూడు. తప్పయింది."

ఎనిమిది రోజుల క్రితం ఆ మాట కోసం ఆమె ప్రాణం పెట్టి ఉండేది. ఇప్పుడు వింటే, బాగానే ఉంది. అంతకుమించి ఏమీ లేదు. తను కూడా నలభై ఏళ్ళుగా ఇంటికి వస్తున్న మనిషి విషయంలో ఏమేం అడగకుండా ఉండిపోయిందో ఆ క్షణంలో గుర్తొచ్చింది.

"పర్లేదన్నా. ఇంకొంచెం పెరుగన్నం తినాల్సింది," అంది.

తర్వాత పది రోజులు దయామణి రోడ్డు మీద వెళుతూ కనిపించినప్పుడల్లా శేషారత్నానికి పిలుద్దామనిపించేది. ఒకరోజు ఎదురింటి అరుగు మీద నలుగురు ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. పిలుపు నోటిదాకా వచ్చింది. అది వచ్చింది దయామణి కోసం కాదు, వాళ్ళు చూడాలనేనని తెలిసింది. నోరు మూసుకుంది. ఇంకోరోజు కాఫీ పెట్టి, మంచి గ్లాసులు తుడిచి ఎదురుచూసింది. దయామణి ఆ రోజు ఆ దారిన రాలేదు. రానందుకు శేషారత్నానికి ఊపిరి తేలికయింది.

మార్చి మొదటి వారంలో ఒకరోజు మధ్యాహ్నం ఎండ పెళ్ళున కాస్తుండగానే పడమట నల్లగా మబ్బు లేచింది. ఆంజనేయులు గుంటూరు వెళ్ళాడు. కల్లంలో కాయ ఇంకా సగం పరిచే ఉంది. శేషారత్నం వాకిట్లో వడియాలు ఎత్తుతూ ఉంటే దయామణి రొప్పుకుంటూ వసారా మెట్ల దగ్గరికి వచ్చింది. ఎవరో కుర్రాణ్ణి బతిమాలి బండి వెనక కూర్చుని వచ్చినట్టుంది, తలంతా దుమ్ము.

"అమ్మా, కాయ మీద కప్పటానికి పరదాలు చాలవు. ఇంకా నాలుగు కావాల. గంటలో వానొచ్చిద్ది!"

"అటక మీదున్నాయే. నా ఒక్కదానికి అందవు. నువ్వు నిచ్చెన పట్టుకోవాల, రా రా, త్వరగా," అని శేషారత్నం వడియాల చాట అలాగే కింద పెట్టి, చేతులు చీరకి తుడుచుకుంటూ లోపలికి పరిగెత్తింది. మధ్యగది దాటి, నిచ్చెన గోడకి ఆనించి, మొదటి మెట్టు మీద కాలు పెట్టాక గానీ తను ఏమన్నదో ఆమెకి తెలియలేదు. నిచ్చెన పట్టుకుని అలాగే ఆగిపోయింది. వెనక్కి తిరగలేదు.

గుమ్మం దగ్గర చప్పుడు లేదు. మబ్బు ఎక్కడో ఉరిమింది. తర్వాత చెప్పులు విడిచిన చప్పుడు, గచ్చు మీద అరికాళ్ళ చప్పుడు. అవి మధ్యగదిలోకి వచ్చి ఆగాయి.

"ఏందమ్మా," అంది దయామణి గొంతు, ఆశ్చర్యంగా. "ఇంత చీకటిగా ఉంటదా లోపల?"

శేషారత్నం చెయ్యి చాపి లైటు వేసింది.